నది మారితే కారణం ఎక్కడ వెతకాలి: వానలోనా, నేలలోనా?

నదీజిజ్ఞాసి:

సభ్యులందరికీ నమస్కారం. నదుల గురించిన నివేదికలు చదువుతున్నప్పుడు నన్ను ఒక విషయం పదే పదే కలవరపెడుతోంది. నదీగర్భం లోతుకు దిగిందనో, గట్లు కోసుకుపోతున్నాయనో, ఇసుక మేటలు పెరిగాయనో చెప్పిన వెంటనే కారణాన్ని కూడా ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. ఒకరు వాతావరణ మార్పు అంటారు, మరొకరు అడవుల నరికివేత అంటారు, ఇంకొకరు ఆనకట్ట అంటారు. ఎవరు ఏది చెప్పినా ఆ కారణం గత ఇరవై ముప్ఫై ఏళ్లలోనే ఉంటుంది. ఈరోజు కూలుతున్న గట్టు వందేళ్ల క్రితపు సాగు వల్ల పేరుకున్న మట్టి కావచ్చు కదా, ఆ గట్టు కింద ఉన్న గులకరాళ్ల పొర మంచుయుగం నాటిది కావచ్చు కదా అన్నది నా ప్రశ్న. వాతావరణం చేసిన మార్పును, భూ వినియోగం చేసిన మార్పును విడదీసి చూడటం సాధ్యమేనా? సాధ్యమైతే ఎంత వెనక్కి వెళ్లి చూడాలి? కాలనిర్ణయం గట్టిగా జరిగిన ఉదాహరణలతో చర్చిస్తే అందరికీ మేలు.

ఒండ్రుమట్టి:

ముందుగా నది ఏయే విషయాలకు స్పందిస్తుందో చూద్దాం. 1955లో ఇ. డబ్ల్యు. లేన్ అనే ఇంజనీరు ఒక సంబంధాన్ని సూచించారు. దాన్ని ఆ తర్వాత త్రాసు బొమ్మగా గీయడం ఆనవాయితీ అయింది. త్రాసుకు ఒకవైపు నదిలోకి వచ్చే మట్టీ ఇసుకల మొత్తం, వాటి రేణువుల పరిమాణం ఉంటాయి; రెండోవైపు నీటి మొత్తం, నది వాలు ఉంటాయి. మట్టి పెరిగి నీరు పెరగకపోతే గర్భం మేట వేసి పైకి లేస్తుంది. నీరు పెరిగి మట్టి తగ్గితే నది తన అడుగును తానే కోసుకుంటుంది.

మీ ప్రశ్నలోని చిక్కంతా ఇక్కడే ఉంది. వాతావరణం మారినా, నేల వాడకం మారినా నదికి తెలిసేది ఈ నాలుగు అంశాల ద్వారానే. వానలు పెరగడం వల్ల ప్రవాహం పెరిగిందా, అడవి పోవడం వల్ల పెరిగిందా అన్న తేడా గట్టుకు తెలియదు. ఒండ్రు నేలల్లో నది వెడల్పు, ఏడాది సగటు ప్రవాహానికి వర్గమూలం చొప్పున పెరుగుతుందని లియోపోల్డ్, మ్యాడాక్ 1953లో చూపించారు. అంటే ఆ ప్రవాహం రెట్టింపైతే వెడల్పు సుమారు 40 శాతం పెరుగుతుంది. ఆ 40 శాతాన్ని కొలిచినంత మాత్రాన నీరు ఎందుకు పెరిగిందో తెలియదు. కాబట్టి నది ప్రస్తుత రూపాన్ని మాత్రమే చూసి కారణం చెప్పేవారిని నమ్మవద్దని నా మనవి.

కొండవాగు:

ఒండ్రుమట్టి గారు చెప్పినదానికి నేల వైపు నుంచి కొన్ని కొలతలు జోడిస్తాను. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ ప్రయోగ అడవిలో 1965లో ఒక చిన్న పరీవాహక ప్రాంతంలోని చెట్లన్నీ కొట్టివేసి, పక్కనే ఉన్న అడవి వాగుతో పోల్చి చూశారు. మొదటి ఏడాది వాగు నీరు దాదాపు 40 శాతం పెరిగింది. ఒకే కొండ, ఒకే వాన, తేడా చెట్లదే. 1982లో బాష్, హ్యూలెట్ ప్రపంచవ్యాప్తంగా జరిగిన 94 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, సూదిమొన ఆకుల అడవుల్లో పరీవాహకంలో చెట్ల కప్పు ప్రతి 10 శాతం తగ్గినప్పుడు ఏడాదికి సుమారు 40 మిల్లీమీటర్ల నీరు అదనంగా ప్రవాహంలో చేరుతుందని తేలింది. ఆకురాల్చే అడవుల్లో ఇది సుమారు 25 మిల్లీమీటర్లు, పొదలు, గడ్డి ఉన్నచోట 10.

పట్టణీకరణ దారి వేరు. మేరీలాండ్ వాగుల గురించి రెజినాల్డ్ వోల్మన్ 1967లో చెప్పిన వరుస ఇప్పటికీ చెల్లుతుంది. అడవి కాలంలో మట్టి స్వల్పం. సాగు మొదలయ్యాక పెరుగుతుంది. నిర్మాణాలు జరిగే కొద్ది ఏళ్లలో అడవి కాలంతో పోలిస్తే వందల రెట్లు వస్తుంది. రోడ్లు, కప్పులు, కాలువలు పూర్తయ్యాక మట్టి దాదాపు ఆగిపోయి నీరు మాత్రం వేగంగా వస్తుంది. ఒకే వాగు మొదట పూడి, తర్వాత తవ్వుకుపోతుంది. మధ్యలో ఏ ఏడాది వెళ్లి చూశామన్నదాన్ని బట్టి మన తీర్మానం తలకిందులవుతుంది.

పాతగట్టు:

నదీజిజ్ఞాసి గారి అసలు ప్రశ్న కాలం గురించి కాబట్టి రెండు ఉదాహరణలు వివరంగా రాస్తాను.

మొదటిది కాలిఫోర్నియా బంగారు గనులది. 1853 నుంచి అక్కడ పెద్ద గొట్టాలతో నీటిని చిమ్మి కొండవాలులను కరిగించి బంగారం తీశారు. 1884లో న్యాయస్థానం తీర్పుతో అది ఆగింది. ఈలోగా సుమారు 100 కోట్ల ఘనపు మీటర్ల మట్టీ రాళ్లూ నదుల్లోకి చేరాయి. గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ ఈ మట్టి ప్రయాణాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి 1917లో నివేదిక ప్రచురించారు. శాక్రమెంటో నగరం దగ్గర ఎండాకాలపు నీటిమట్టం సుమారు 3 మీటర్లు పైకి లేచి, ఆ తర్వాత నెమ్మదిగా దిగడం మొదలైంది. మట్టి ఒక అలగా కిందికి కదిలిపోతుందని, పెరిగిన తీరునే తగ్గుతుందని ఆయన భావించారు. నదీగర్భం విషయంలో ఆయన చెప్పినది చాలావరకు నిజమైంది. అయితే గట్లకు ఆవల వరద మైదానాల్లో చేరిన మట్టి అలా వెళ్లిపోలేదని అలన్ జేమ్స్ వంటి తర్వాతి పరిశోధకులు చూపించారు. పెరగడం వేగంగా జరిగింది, తగ్గడం అంతులేకుండా సాగుతోంది. గనులు మూతపడి 140 ఏళ్లు దాటినా, బంగారం శుద్ధికి వాడిన పాదరసం ఆ మట్టితోపాటు పెద్ద వరదల్లో ఇప్పటికీ దిగువకు కదులుతోంది.

రెండోది విస్కాన్సిన్‌లోని కూన్ క్రీక్. 360 చదరపు కిలోమీటర్ల చిన్న పరీవాహకం. 1850ల తర్వాత వాలు నేలలను దున్నడంతో భూమి విపరీతంగా కోసుకుపోయింది. 1933లో అమెరికా ప్రభుత్వం నేల సంరక్షణ కోసం ఎంచుకున్న తొలి పరీవాహకం ఇదే. వాలుకు అడ్డంగా సమతల రేఖల వెంబడి సాగు, పంట మార్పిడి, పచ్చిక పట్టీలు వచ్చాక పొలాల కోత బాగా తగ్గిపోయింది. మరి వాగు నుంచి మిసిసిపీకి చేరే మట్టి కూడా అదే మేరకు తగ్గి ఉండాలి కదా? స్టాన్లీ ట్రింబుల్ 1853 నుంచి 1993 వరకు మూడు కాలఖండాలుగా లెక్క కట్టి చూస్తే, వాగు నోటి దగ్గర ఏడాదికి 40 వేల టన్నులకు అటూ ఇటూగా ఉన్న మట్టి దాదాపుగా మారనే లేదు. కోత తీవ్రంగా ఉన్న రోజుల్లో పొలాల మట్టిలో అధికభాగం లోయ అడుగునే ఆగిపోయింది. పొలాలు బాగుపడ్డాక వాగు ఆ నిల్వను తవ్వుకుంటూ పోయింది. నోటి దగ్గర మాత్రమే కొలిచేవారికి ఎగువన జరిగిన నాశనమూ కనిపించదు, తర్వాత జరిగిన మేలూ కనిపించదు.

నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికి ఇదే కీలకం. నదిని మార్చే కారణానికీ, ఆ మార్పు కంటికి కనిపించడానికీ మధ్య లోయలోని నిల్వ ఉంటుంది. ఆ నిల్వ ఎప్పటిదో తెలియకుండా నేటి మార్పుకు నేటి కారణాన్ని అంటగట్టడం సరికాదు.

వానచుక్క:

ఇంతవరకు వచ్చిన ఉదాహరణలన్నీ నేల వైపే ఉన్నాయి. వాతావరణం పక్షాన కూడా గట్టిగా మాట్లాడవలసి ఉంది. మనిషి నాగలి పట్టకముందే నదులు ఇప్పటి ఏ భూ వినియోగ మార్పూ తేలేనంత పెద్ద మార్పులకు లోనయ్యాయి.

దిగువ మిసిసిపీ మంచుయుగంలో అనేక పాయలుగా చీలి, గులకలు ఇసుకలతో విశాలంగా పారే నది. హిమఫలకాలు కరిగి వెనక్కి తగ్గాక, మంచుయుగం ముగింపు దశలో అది ఒకే పాయగా మలుపులు తిరిగే నదిగా మారింది. ఆస్ట్రేలియాలోని మరంబిడ్జీ మైదానంలో నేటి నది పక్కనే దానికంటే ఎన్నో రెట్లు వెడల్పైన పాత మలుపులు గుర్తులుగా మిగిలి ఉన్నాయి. స్టాన్లీ షమ్ 1960లలో వాటిని పరిశీలించి, ప్రవాహమూ మట్టీ మారినప్పుడు నది తన జాతినే ఎలా మార్చుకుంటుందో వివరించారు. ఇంకా వెనక్కి వెళితే, సుమారు 5.6 కోట్ల ఏళ్ల క్రితం భూమి కొద్ది వేల ఏళ్లలో 5 డిగ్రీలకు పైగా వేడెక్కినప్పుడు, నేటి స్పెయిన్‌లోని పిరనీస్ ప్రాంతపు నదులు ఒక్కసారిగా విస్తరించి మైదానమంతా ముతక గులకలు పరిచాయి. ఆ రాతి పొర నేటికీ అక్కడ ఉంది.

వాతావరణం ఎప్పుడూ నెమ్మదిగానే పని చేస్తుందనుకోవడం కూడా సరికాదు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో కాస్కావుల్ష్ హిమానీనదం వెనక్కి తగ్గుతూ తగ్గుతూ, 2016 మే నెలాఖరులో దాని కరుగు నీరు కొత్త దారి పట్టింది. అంతవరకు ఉత్తరానికి పారి బేరింగ్ సముద్రం వైపు వెళ్లిన నీరు దక్షిణానికి మళ్లి పసిఫిక్ వైపు వెళ్లిపోయింది. స్లిమ్స్ నది కొద్ది రోజుల్లోనే సన్నని ధారగా మిగిలింది. క్లూయేన్ సరస్సు మట్టం పడిపోయింది. అక్కడ సాగు లేదు, గని లేదు, ఆనకట్ట లేదు.

నదీజిజ్ఞాసి:

వానచుక్క గారి వాదన బలంగా ఉంది. అయితే మంచుయుగపు స్థాయిలో వాతావరణం నదిని శాసిస్తుందన్నదాన్ని ఎవరూ కాదనరు. చిక్కు వంద, రెండు వందల ఏళ్ల స్థాయిలో వస్తుంది. ఆ వ్యవధిలో వానల హెచ్చుతగ్గులూ ఉంటాయి, మనుషుల పనులూ ఉంటాయి. రెండూ ఒకే దశాబ్దంలో వచ్చిపడిన చోట ఎవరైనా తేల్చగలిగారా?

గులకరాయి:

తేల్చడానికి వందేళ్లకు పైగా ప్రయత్నం జరిగిన చోటు ఒకటి ఉంది. నైరుతి అమెరికాలో సుమారు 1865 నుంచి 1915 మధ్య, అంతవరకు గడ్డి మైదానాల మధ్య పల్లంగా పారుతున్న వాగులు నిట్టనిలువు గోడల అగాధాలుగా తవ్వుకుపోయాయి. నీరు పొలాలకు ఎక్కడం మానేసింది, భూగర్భ జలం దిగిపోయింది. అప్పుడే పశువుల మందలు విపరీతంగా పెరిగాయి. కాబట్టి మేత వల్ల గడ్డి పోయి వాగు తెగిందన్నారు. మరికొందరు ఆ కాలంలోనే తీవ్రమైన కరవులు, వాటి వెంట పెద్ద వరదలు వచ్చాయని చూపించారు. ఇంకొందరు బండ్ల బాటలు, తవ్విన కాలువలు, కరకట్టలు నీటిని ఒకేచోట చేర్చి కోతకు దారి తీశాయన్నారు.

ఈ వివాదానికి పాత గట్లలోని పొరలు కొత్త మలుపు ఇచ్చాయి. ఇప్పటి అగాధపు గోడల్లోనే, పూర్వం తవ్వుకుపోయి తిరిగి పూడిన పాత అగాధాల అడ్డుకోతలు కనిపించాయి. చాకో లోయలో 12వ శతాబ్ది ప్రాంతంలో ఇటువంటిదే ఏర్పడింది. దక్షిణ ఆరిజోనాలో గత నాలుగు వేల ఏళ్లుగా ఈ తవ్వుడు, పూడుడు తరచుగా జరిగాయి. పశువుల మందలు లేని రోజుల్లోనూ జరిగిందంటే మేతే ఏకైక కారణం కాజాలదు. అలాగని మేతకు సంబంధం లేదని కూడా చెప్పలేం. కుక్, రీవ్స్ 1976లో ఈ వాగులను లోయవారీగా పోల్చి, వేర్వేరు కారణాలు ఒకే ఫలితానికి దారి తీయగలవని, ఒక్కో లోయకు విడిగా చరిత్ర రాయాలని తేల్చారు. వంద లోయలకు ఒకే కారణం వెతికినన్నాళ్లూ వాదన సాగింది, లోయవారీగా చూడటం మొదలుపెట్టాకే జ్ఞానం పెరిగింది. ఇదే ప్రాంతంలోని రియో పుయెర్కో వాగు గట్లను నిలబెట్టడానికి 1926లో టామరిస్క్ అనే పొదను తెచ్చి నాటారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ పొదలు మట్టిని పట్టి నిలిపాయి, వాగు ఇరుకై పూడసాగింది. అంటే మూడో కారణం కూడా ఉంది: గట్టు మీద ఏ మొక్క పెరుగుతోందన్నది.

వానచుక్క:

గులకరాయి గారు చెప్పిన ప్రాంతం సగం ఎండు ప్రాంతం కావడం యాదృచ్ఛికం కాదు. లాంగ్‌బైన్, షమ్ 1958లో వాననూ, కోసుకుపోయే మట్టినీ కలిపి గీసిన రేఖ ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల ఉపయోగకర వర్షపాతం దగ్గర శిఖరాన్ని చేరుతుంది. అంతకంటే తక్కువ వాన ఉంటే మట్టిని మోసే నీరు చాలదు. ఎక్కువైతే పచ్చదనం నేలను కాపాడుతుంది. ఆ అంచున ఉన్న ప్రాంతంలో వాన కొద్దిగా తగ్గినా పెరిగినా, లేదా మేత కొద్దిగా పెరిగినా నది ప్రవర్తన బాగా మారిపోతుంది. తడి ప్రాంతంలో అదే మార్పును అడవి తట్టుకుంటుంది.

పాతగట్టు:

అందుకే "వాతావరణమా, నేలా" అన్న ప్రశ్ననే కొంచెం మార్చుకోవాలి. 1342 జులైలో మధ్య యూరప్‌ను ముంచెత్తిన వరదను చూడండి. మైన్, వేజర్ వంటి నదులు చరిత్రలోనే అత్యున్నత మట్టాలకు చేరాయి. ఆ వాన ఆకాశం నుంచి వచ్చింది, అందులో రైతుల పాత్ర లేదు. అయితే అప్పటికి అక్కడి అడవి చాలావరకు నరికి పొలాలు చేసి ఉన్నారు. ఆ ఒక్క వానకు పొలాల్లో లోతైన గండ్లు పడ్డాయి, లోయల్లో మందపు మట్టి పొరలు చేరాయి. అవి నేటికీ తవ్వకాల్లో బయటపడుతున్నాయి. కొద్ది ఏళ్లకే మహమ్మారి వచ్చి జనం తగ్గి, విడిచిన పొలాల్లో అడవి తిరిగి పెరిగిన చోట కోత సద్దుమణిగింది. అదే వాన దట్టమైన అడవి మీద పడి ఉంటే నీరు వచ్చి ఉండేది, కానీ అంత మట్టి వచ్చి ఉండేది కాదు. ఇక్కడ వాతావరణానికి ఇంత శాతం, నేలకు ఇంత శాతం అని పంచడం నాకు అర్థవంతంగా అనిపించదు. నేల సిద్ధం చేసి ఉంచినదాన్ని వాన తీసుకుపోయింది.

వానచుక్క:

దీనికి గోదావరి నుంచి ఒక సాక్ష్యం ఉంది. ఆ నది ముఖానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టి నమూనా మీద లివియు జియోసాన్ బృందం 2017లో ఫలితాలు ప్రచురించింది. సుమారు నాలుగు వేల ఏళ్ల క్రితం నుంచి రుతుపవనాలు బలహీనపడి ఎండు వృక్షజాతులు పెరిగాయి. వాన తగ్గితే నది తెచ్చే మట్టి కూడా తగ్గాలని సాధారణంగా అనుకుంటాం. జరిగింది అందుకు విరుద్ధం: సముద్రం అడుగున మట్టి చేరే వేగం బాగా పెరిగింది. పచ్చదనం పలచబడటం ఒక కారణం. అదే కాలంలో దక్కన్‌లో స్థిర వ్యవసాయ గ్రామాలు విస్తరించడం మరో కారణం. ఎండిన వాతావరణమూ, కొత్త సాగూ ఒకేవైపు తోశాయి. పాతగట్టు గారితో ఈ విషయంలో నేను ఏకీభవిస్తాను, అయితే తొలి అడుగు వేసింది రుతుపవనమేనని గుర్తుంచుకోవాలి.

కొలతబద్ద:

కారణాలను విడదీయలేమన్న అభిప్రాయం కలగకుండా, పరిశోధకులు నిజంగా ఎలా విడదీస్తారో చెబుతాను. ముందు ఒక గట్టును దగ్గరగా చూద్దాం.

పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఏటి గట్టు, మనిషి ఎత్తు ఉంటుంది. అన్నిటికంటే అడుగున కోణాలు అరగని రాళ్లు, గులకలు. వాటి మీద పలుచని నల్లని పొర. వేళ్లతో నలిపితే కుళ్లిన ఆకులు, తుంగజాతి మొక్కల గింజలు బయటపడతాయి. రేడియోకార్బన్ పరీక్షలో ఆ గింజల వయసు వేల ఏళ్లుగా తేలుతుంది. దాని పైన ఒక్కసారిగా రంగు మారి, లేత గోధుమవర్ణపు సన్నమట్టి పొరలు పొరలుగా గట్టు అంచు వరకు ఉంటుంది. దశాబ్దాల పాటు ఈ గట్టును సహజమైన వరద మైదానంగా భావించి, మలుపులు తిరిగే ఏటికి నమూనాగా చూశారు. 2008లో రాబర్ట్ వాల్టర్, డొరొథీ మెరిట్స్ ఆ లేత మట్టి, నీటి మరల కోసం కట్టిన చిన్న ఆనకట్టల వెనుక నిలిచిన చెరువుల పూడిక అని చూపించారు. 1840 నాటి జనగణనలో తూర్పు అమెరికాలో 65 వేలకు పైగా నీటి మరలు నమోదై ఉన్నాయి. ఆనకట్టలు తెగిపోయాక ఏరు ఆ పూడికలోకి దిగి ఇప్పటి నిలువు గట్లను చేసింది. అంతకు పూర్వం అక్కడ ఉన్నది గట్లు లేని, చిన్న చిన్న పాయలు అల్లుకున్న తడి నేల. గట్టు కూలుతున్నందుకు ఇప్పటి వానలను మాత్రమే నిందించినవారు ఆ నల్లని పొరను చూసి ఉండరు.

ఇక పద్ధతులు. ఇసుక రేణువు చివరిసారి వెలుతురు ఎప్పుడు చూసిందో ప్రకాశ ఉద్దీపన పద్ధతి చెబుతుంది. గత శతాబ్దానికి సీసం-210 అనే రేడియోధార్మిక సీసం ఉపయోగపడుతుంది. అణ్వస్త్ర పరీక్షల నుంచి రాలిన సీజియం-137 గరిష్ఠంగా 1963 ప్రాంతపు పొరలో కనిపిస్తుంది; ఆ పొర నేడు ఎంత లోతున ఉందో చూస్తే అప్పటి నుంచి ఎంత మట్టి చేరిందో నేరుగా తెలుస్తుంది. వయసులు తెలిశాక మూడు ప్రశ్నలు వేయాలి. మార్పు కారణానికి ముందు మొదలైందా, తర్వాతా? ఒకే వాన పడే పక్క లోయల్లో నేల వాడకం వేరైతే ఫలితం కూడా వేరుగా ఉందా? కోత దిగువ నుంచి ఎగువకు పాకిందా, ఎగువ నుంచి దిగువకు వచ్చిందా? నది దిగువన ఇసుక తవ్వినా, మట్టం దించినా కోత ఎగువకు పాకుతుంది. ఆనకట్ట మట్టిని ఆపితే కోత ఆనకట్ట పాదం దగ్గర మొదలై దిగువకు సాగుతుంది. ప్రాంతమంతటా అన్ని లోయల్లో ఒకే దశాబ్దంలో మార్పు కనిపిస్తే వాతావరణం వైపు అనుమానం బలపడుతుంది. లోయకొక కాలంలో కనిపిస్తే నేల వైపు చూడాలి.

చిగురు:

నేను ఈ విషయానికి కొత్త. చర్చ మొత్తం చదివాక ఒక సందేహం వచ్చింది. నేల పాడు చేయడం వల్ల నది మారితే, నేలను బాగు చేస్తే, అంటే చెట్లు నాటితే, నది పాత రూపానికి తిరిగి వస్తుందా?

గులకరాయి:

చిగురు గారూ, ఈ ప్రశ్న తప్పక అడగవలసినదే. నది పాత స్థితికి రావడం అరుదు, వచ్చినా వచ్చే దారి వేరు.

ఫ్రాన్స్ ఆల్ప్స్ ప్రాంతంలో 19వ శతాబ్దంలో కొండలు బోడిగా మారి వాగులు రాళ్లను కుప్పలుగా తెచ్చేవి. 1860, 1882 చట్టాలతో ప్రభుత్వం కొండలపై చెట్లు నాటించింది, వాగులకు అడ్డుకట్టలు కట్టించింది. గ్రామాల జనం తగ్గడంతో విడిచిన పొలాల్లో అడవి తానుగా పెరిగింది. కొండలు నిలదొక్కుకున్నాయి. ఫలితంగా దిగువన డ్రోమ్ వంటి నదులకు గులకలు అందక, 20వ శతాబ్దంలో అవి ఇరుకై లోతుకు దిగాయి. తర్వాత గులకల తవ్వకం కూడా తోడవడంతో అడుగు మరింత దిగింది. వంతెనల పునాదులు బయటపడటం, బావుల నీటిమట్టం తగ్గడం వంటివి ఎదురయ్యాయి. కొండకు మేలైన పని నదికి మరో సమస్య అయింది. అడవి పెంచడం పొరపాటని నేను చెప్పడం లేదు. మట్టి తగ్గితే నది అడుగు దిగుతుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

దీనికి పూర్తి భిన్నంగా న్యూజిలాండ్‌లోని వైపావోవా నది ఉంది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట మెత్తని రాతి కొండల మీది అడవిని నరికి పచ్చిక బయళ్లు చేశారు. కొండవాలుల్లో టార్న్‌డేల్ వంటి పెద్ద గండ్లు పడ్డాయి. సుమారు 2,200 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న నది నేటికీ ఏడాదికి సుమారు 1.5 కోట్ల టన్నుల మట్టిని మోస్తోంది. 1960 నుంచి ఎగువన చెట్లు నాటుతున్నారు. చిన్న గండ్లు మూసుకున్నాయి. ఒక పరిమాణం దాటిన గండ్లు మాత్రం చెట్లకు లొంగలేదు, ఎందుకంటే వాలు తానుగా జారుతూ నాటిన మొక్కలను కూడా కిందికి తెస్తోంది. 1988లో బోలా తుఫాను వచ్చినప్పుడు, చెట్లు లేని వాలులు ఎంత బలహీనమైనవో మళ్లీ తెలిసింది. ఎంత త్వరగా నాటామన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది.

కొండవాగు:

చైనాలోని హోవాంగ్‌హో, అంటే పసుపు నది, ఈ చర్చలో రాకుండా ఉండకూడదు. 20వ శతాబ్దం మధ్య వరకు అది ఏడాదికి సగటున 160 కోట్ల టన్నుల మట్టిని మోసేది. అది పారే లోయెస్ పీఠభూమి, అంటే గాలి తెచ్చి పరిచిన సన్నమట్టి పీఠభూమి, సహజంగానే కోతకు లొంగే నేల. దాని మీద రెండు వేల ఏళ్లకు పైగా సాగిన విస్తృత వ్యవసాయం ఆ భారాన్ని ఎన్నో రెట్లు పెంచింది. కరకట్టల మధ్య పూడిక చేరి నదీగర్భం చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా మారింది. 1128లో యుద్ధంలో భాగంగా కట్టను తెంచడంతో నది దక్షిణానికి మళ్లింది. 1855లో మళ్లీ ఉత్తరానికి తిరిగి బోహాయ్ అఖాతంలో కలిసింది.

1970ల నుంచి మెట్ల పొలాలు, వాగులకు అడ్డంగా చెక్‌డ్యాములు, జలాశయాలు మట్టిని ఆపాయి. 1999లో వాలు పొలాలను అడవిగా, గడ్డిగా మార్చే పథకం మొదలైన తర్వాత తగ్గుదలలో పచ్చదనం వాటా పెరిగింది. ఇప్పుడు ఏడాదికి 20, 30 కోట్ల టన్నుల పరిధిలోనే మట్టి వస్తోంది. నీటి వాడకం మరోవైపు పెరిగింది. 1997లో నది దిగువ భాగం 226 రోజులు ఎండిపోయింది. 2002 నుంచి షియావోలాంగ్‌దీ జలాశయం నుంచి ఒక్కసారిగా నీరు వదిలి దిగువ పూడికను కడుగుతున్నారు. ఇంతటి విజయంలోనూ రెండు హెచ్చరికలు ఉన్నాయి. మట్టి అందక డెల్టా అంచులు కొన్నిచోట్ల కోసుకుపోతున్నాయి. పీఠభూమి మీద పెరిగిన చెట్లు నీటిని ఎక్కువగా వాడుకోవడంతో, అక్కడి వానకు తగిన పచ్చదనపు హద్దు దగ్గరపడిందని 2016లో ఒక అధ్యయనం చెప్పింది.

ప్రపంచం మొత్తం మీద కూడా ఈ వైరుధ్యమే ఉంది. మనుషుల పనుల వల్ల నదుల్లోకి చేరే మట్టి ఏడాదికి సుమారు 230 కోట్ల టన్నులు పెరిగిందని, అయినా జలాశయాలు ఆపడం వల్ల సముద్రతీరానికి చేరేది సుమారు 140 కోట్ల టన్నులు తగ్గిందని జేమ్స్ సివిట్‌స్కీ బృందం 2005లో లెక్క కట్టింది. ఎగువన నేల పోతోంది, దిగువన డెల్టా ఆకలితో ఉంది.

చిగురు:

ఆనకట్టే తీసేస్తే? అప్పుడు కూడా వందేళ్లు ఆగాలా?

ఒండ్రుమట్టి:

అక్కర్లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది మీద ఉన్న రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 మధ్య దశలవారీగా తొలగించారు. వాటి వెనుక సుమారు 2 కోట్ల ఘనపు మీటర్ల పూడిక ఉంది. అందులో పెద్ద భాగం కొద్ది ఏళ్లలోనే కదిలి, అంతవరకు కోసుకుపోతున్న నదీముఖం దగ్గర కొత్త ఇసుక తీరం ఏర్పడింది. నిటారు వాలు, చాలినంత నీరు, నది దారిలోనే ఉన్న పూడిక కాబట్టి అంత వేగం సాధ్యమైంది. కూన్ క్రీక్‌లో మట్టి వరద మైదానమంతా పరుచుకుని ఉంది, నది దాన్ని గట్టు కోతతోనే కొద్దికొద్దిగా అందుకోగలదు. నిల్వ నది దారిలో ఉందా, దారికి ఎడంగా ఉందా అన్నదే కాలాన్ని నిర్ణయిస్తుంది.

వానచుక్క:

రాబోయే కాలం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. కుండపోత వానలు తీవ్రమవుతాయనడానికి ఇదే ఆధారం. అంతమాత్రాన ప్రతి నదిలో వరద పెరుగుతుందని చెప్పలేం. గుంటర్ బ్లోష్ల్ బృందం యూరప్ నదుల దశాబ్దాల కొలతలను 2019లో విశ్లేషించినప్పుడు, వాయవ్య ప్రాంతంలో వరదలు పెరగడం, దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో తగ్గడం కనిపించింది. దక్షిణాన నేల తేమ తగ్గిపోతోంది, తూర్పున మంచు తక్కువగా పేరుకుంటోంది. అదే బృందం 2017లో, ఈశాన్య యూరప్‌లో మంచు కరిగే వరదలు ముందుగా వస్తున్నాయని చూపించింది. వాతావరణం ఒకటే అయినా నేల తేమ, మంచు, పచ్చదనం ద్వారానే అది నదికి చేరుతుంది. పాతగట్టు గారి మాటకు నేను ఈ దారిలోనే వచ్చాను.

నదీజిజ్ఞాసి:

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా కొలతబద్ద గారిని ఒక్కటి అడగాలి. రేడియోకార్బన్, సీజియం పరీక్షలకు ప్రయోగశాల కావాలి. అంత సదుపాయం లేని చోట, ఒక నది గర్భం నిజంగా దిగిందో, లేచిందో, ఎప్పటి నుంచి మొదలైందో తెలుసుకోవడానికి మొదట ఏ కాగితం తిరగేయాలి?

కొలతబద్ద:

పాత నీటిమట్టపు రిజిస్టర్లు. ఏ నది మీదైనా కొలమానం నిలిపిన చోట మట్టమూ, కొలిచిన ప్రవాహమూ పక్కపక్కన రాసి ఉంటాయి. ఒకే ప్రవాహాన్ని ఎంచుకోండి, ఎండాకాలపు చిన్న ప్రవాహమైతే మంచిది. అదే ప్రవాహం మొదటి పదేళ్లలో ఏ మట్టం దగ్గర పారిందో, తర్వాతి పదేళ్లలో ఏ మట్టం దగ్గర పారిందో వరుసగా గుర్తు పెట్టండి. వాన ఎక్కువైన ఏడాదీ, తక్కువైన ఏడాదీ ఈ లెక్కను పెద్దగా కదిలించవు, ఎందుకంటే ప్రవాహాన్ని మనమే స్థిరంగా ఉంచాం. మట్టం ఏటేటా దిగుతుంటే గర్భం దిగుతోంది, పెరుగుతుంటే మేట పడుతోంది. కొలమానం చోటు మారిందా, సున్నా గుర్తు మళ్లీ అమర్చారా, పక్కన వంతెన కట్టారా అన్నవి ముందుగా సరిచూసుకోవాలి. గిల్బర్ట్ కూడా శాక్రమెంటోలో ఎండాకాలపు మట్టాల రికార్డులనే ఆధారం చేసుకున్నారు.

రెండోది పాత అడ్డుకోతల కొలతలు. కూన్ క్రీక్‌లో 1930లలో నేల సంరక్షణ శాఖవారు లోయకు అడ్డంగా కొలిచి వదిలిన వరుసలనే ట్రింబుల్ దశాబ్దాల తర్వాత వెతికి పట్టుకుని తిరిగి కొలిచారు. కొలిచినవారికి తమ కొలతలు ఎవరికి ఉపయోగపడతాయో తెలియదు. వంతెన కట్టేటప్పుడు గీసిన నదీగర్భపు నక్షాలు చాలాచోట్ల కచేరీ బీరువాల్లో ఉంటాయి. వాటిలో సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటే, అదే వంతెన కింద ఈ ఏడాది కొలిచి పక్కన పెట్టండి. ఎప్పటి నుంచి మారిందో తెలిసిన తర్వాతే, ఆ ఏడాదికి ముందు ఎగువన నేల మీద ఏం జరిగిందో, వానల్లో ఏం జరిగిందో వెతకడం మొదలుపెట్టండి.